వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్: కొంటున్నది చిప్‌నా, చల్లదనాన్నా?

2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పూర్ స్వయంచాలిత వాతావరణ కేంద్రం 52.9 డిగ్రీల సెల్సియస్ చూపించింది. దేశమంతా ఉలిక్కిపడింది. వాతావరణ శాఖ ఆ సెన్సర్‌ను ప్రామాణిక పరికరంతో పోల్చి చూస్తే, అది మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతోందని తేలింది. అదే రోజు సఫ్దర్‌జంగ్ కేంద్రంలో నమోదైన 46.8 డిగ్రీల విషయంలో మాత్రం ఏ అనుమానమూ లేదు. అక్కడ అంత ఎండ కాయడం 79 ఏళ్లలో అదే మొదటిసారి.

పరికరం చూపే అంకెను ఎక్కడ, ఏ పరిస్థితుల్లో కొలిచారో తెలుసుకోకుండా నమ్మకూడదని సైన్స్ విద్యార్థులకు ప్రయోగశాలలో మొదట్లోనే చెబుతారు. కానీ అదే విద్యార్థి అదే ఎండలో నెహ్రూ ప్లేస్ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్లినప్పుడు ఆ ప్రశ్న అడగడం అరుదు. 24 కోర్లు, 5 గిగాహెర్ట్జ్ పైన వేగం, 16 జీబీ గ్రాఫిక్స్ మెమరీ అని పెట్టె మీద రాసి ఉంటుంది. ఆ వేగం ఎంతసేపు నిలుస్తుంది? గది ఎంత వేడిగా ఉన్నప్పుడు? పెట్టె మీద ఆ సమాధానం ఉండదు. ఢిల్లీ, నోయిడా, గురుగ్రామ్‌లలో వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ కొనేవారికి అన్నిటికంటే ముఖ్యమైన సమాచారం అదే.

డెల్ ప్రెసిషన్, హెచ్‌పీ జెడ్‌బుక్, లెనోవో థింక్‌ప్యాడ్ పీ శ్రేణి వంటివాటిని వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్‌లు అంటారు. మామూలు ల్యాప్‌టాప్ కంటే ఎక్కువ మెమరీ పడుతుంది, ఇంజినీరింగ్ సాఫ్ట్‌వేర్ తయారీదారుల ధ్రువీకరణ ఉంటుంది, చాలావాటికి ఇంటికొచ్చి బాగుచేసే వారంటీ ఉంటుంది. ధర రెండు లక్షల నుంచి మొదలై ఐదు లక్షలైనా దాటవచ్చు. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి 1 నుంచి నెలకు 37,000 రూపాయలు. అంటే ఇంటి అద్దె భత్యం పక్కన పెడితే, మూడు లక్షల యంత్రం అంటే ఎనిమిది నెలల జీతం. గుంటూరు నుంచో, వరంగల్ నుంచో వచ్చి జేఎన్‌యూలోనో, ఢిల్లీ విశ్వవిద్యాలయంలోనో పరిశోధన చేసే పిల్లకో పిల్లాడికో ఇంట్లోవాళ్లు అప్పు చేసి కొనిచ్చే వస్తువు అది. కాబట్టి లెక్క జాగ్రత్తగా వేయాలి.

మొదటి లెక్క వేడిది. ప్రాసెసర్ తినే విద్యుత్తు దాదాపు మొత్తం వేడిగా మారుతుంది. రాగి గొట్టాలు ఆ వేడిని చిప్ నుంచి రెక్కల దాకా మోస్తాయి, ఫ్యాన్ గాలి దాన్ని బయటికి తోస్తుంది. బయటికి పోయే వేడి, చిప్‌కీ గది గాలికీ మధ్య ఉన్న ఉష్ణోగ్రతల తేడాకు దాదాపు అనులోమానుపాతంలో ఉంటుంది. ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు సాధారణంగా 100 డిగ్రీల దగ్గర తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. 25 డిగ్రీల ఏసీ గదిలో ఆ తేడా 75 డిగ్రీలు. ఏసీ లేని హాస్టల్ గదిలో జూన్ మధ్యాహ్నం 42 డిగ్రీలుంటే తేడా 58 మాత్రమే. అంటే షోరూంలో 130 వాట్లు మోసిన అదే ఫ్యాను, అవే గొట్టాలు గదికొచ్చాక 100 వాట్లే మోయగలవు. వేడి గాలి సాంద్రత కూడా తక్కువ కాబట్టి అసలు సంఖ్య ఇంకాస్త దిగుతుంది. యంత్రంలో లోపం ఏమీ లేదు. రెంటచింతలలోనూ, రామగుండంలోనూ ఇదే లెక్క.

షోరూంలో చేసే పరీక్ష ఇంకో రకంగానూ మోసపుచ్చుతుంది. ఈనాటి ప్రాసెసర్లు పని మొదలైన తొలి అర నిమిషమో నిమిషమో తమ దీర్ఘకాలిక పరిమితిని మించి విద్యుత్తు తీసుకుంటాయి. చల్లగా ఉన్న లోహం ఆ కాసేపు వేడిని పీల్చుకుంటుంది. తర్వాత అసలు పరిమితికి దిగుతాయి. ముప్పై సెకన్ల బెంచ్‌మార్క్ ఈ తొలి ఉరుకునే కొలుస్తుంది. పదకొండు గంటలు నడిచే అణు గతిశాస్త్ర సిమ్యులేషన్‌కు ఆ తొలి నిమిషంతో ఒరిగేదేమీ లేదు. దుకాణదారు ఒప్పుకుంటే అరగంటసేపు సొంత ప్రోగ్రామునే నడిపించి, చివరి పది నిమిషాల వేగం రాసుకోవడం మేలు. ఒప్పుకోకపోతే, కొన్న వెంటనే, వెనక్కిచ్చే గడువు ఉంటే అది ముగిసేలోగా ఆ పని చేయాలి.

ఇక్కడ ఒక ఊరట కూడా ఉంది. చిప్ తినే విద్యుత్తు దాని పౌనఃపున్యానికీ, వోల్టేజి వర్గానికీ అనుపాతంలో ఉంటుంది. వేగం పెంచాలంటే వోల్టేజి కూడా పెంచాలి కాబట్టి, పై స్థాయిల్లో విద్యుత్తు ఇంచుమించు వేగం ఘనంతో పెరుగుతుంది. రాబర్ట్ డెనార్డ్ 1974లో వివరించిన సూత్రం ప్రకారం ట్రాన్సిస్టర్లు చిన్నవవుతున్నకొద్దీ వోల్టేజి కూడా తగ్గుతూ వచ్చింది. 2005 ప్రాంతంలో ఆ తగ్గుదల ఆగిపోయింది. అప్పటి నుంచి చివరి కొద్దిపాటి వేగం కోసం పెట్టే వాట్లు చాలా ఖరీదైనవి. దీన్ని తిరగేసి చూస్తే, విద్యుత్తును 20 శాతం తగ్గిస్తే వేగం పోయేది ఏడు శాతం దరిదాపుల్లోనే. 130 వాట్ల నుంచి 100 వాట్లకు దిగినా నష్టం ఎనిమిది శాతమే. ఇది ఆదర్శ పరిస్థితుల లెక్క. ఒక్కో చిప్‌కు కొంచెం అటూ ఇటూ అవుతుంది.

కాబట్టి సెటప్‌లో అన్నిటికంటే ముందు చేయాల్సింది, చాలామంది అసలు చేయనిది, విద్యుత్తు పరిమితిని స్వయంగా తగ్గించుకోవడం. తయారీదారు ఇచ్చే యుటిలిటీలోనో, బయాస్‌లోనో, లినక్స్‌లోనో చాలా యంత్రాల్లో ఇది సాధ్యమే. ఆ పని చేయకపోతే చిప్ 100 డిగ్రీలు తాకడం, వేగం దించడం, చల్లబడడం, మళ్లీ ఎగబాకడం జరుగుతూనే ఉంటాయి. ఫ్యాన్లు ఆపకుండా ఊళలు పెడతాయి, కీబోర్డు మీద చేయి ఆనదు, బ్యాటరీ పక్కనే ఉడుకుతుంది. లిథియం అయాన్ కణాలను త్వరగా ముసలివి చేసేది వేడే. రోజంతా ప్లగ్గులోనే ఉండే యంత్రమైతే ఛార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే అమరిక కూడా పెట్టుకోవాలి.

కొనుగోలు విషయంలో దీని పర్యవసానం ఏమిటంటే, ఒకే మోడల్‌లో ఐ7 నుంచి ఐ9కి మారడానికి అదనంగా పెట్టే డబ్బు చాలా సందర్భాల్లో వృథా. వేడిని బయటికి పంపే శక్తి చిప్‌లో లేదు, పెట్టెలో ఉంది. పెట్టె అదే అయితే నిలకడ వేగంలో తేడా స్వల్పం. ఆ డబ్బుతో మెమరీ పెంచుకోవచ్చు. లేదా అదే ప్రాసెసర్ ఉన్న మందమైన, బరువైన మోడల్ తీసుకోవచ్చు. సన్నగా, అందంగా ఉన్న వర్క్‌స్టేషన్‌ను కొనేవారు దాని వేగంలో కొంత వదులుకుంటున్నామని తెలిసే కొనాలి.

గ్రాఫిక్స్ చిప్‌ల దగ్గర పేర్లు కూడా తికమక పెడతాయి. ఆర్‌టీఎక్స్ 4090 అనే పేరు డెస్క్‌టాప్ కార్డుకూ ఉంది, ల్యాప్‌టాప్ చిప్‌కూ ఉంది. డెస్క్‌టాప్ దానిలో 16,384 కోర్లు, 24 జీబీ మెమరీ, 450 వాట్లు. ల్యాప్‌టాప్ దానిలో 9,728 కోర్లు, 16 జీబీ, యంత్రాన్ని బట్టి 80 నుంచి 150 వాట్లు. రెండింటిలోని సిలికాన్ ముక్కలే వేరు. వర్క్‌స్టేషన్ శ్రేణి ఆర్‌టీఎక్స్ 5000 ఏడా అయినా అంతే. డెస్క్‌టాప్‌లో 32 జీబీ, ల్యాప్‌టాప్‌లో 16.

భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, వాతావరణ విజ్ఞానం చదివేవారికి ఇంతకంటే పెద్ద చిక్కు ఒకటుంది. దాని గురించి దుకాణాల్లో ఎవరూ మాట్లాడరు. కంప్యూటర్ దశాంశ సంఖ్యలను రెండు రకాలుగా దాచుకుంటుంది. సింగిల్ ప్రెసిషన్‌లో సుమారు ఏడు అంకెల వరకు ఖచ్చితత్వం ఉంటుంది, డబుల్ ప్రెసిషన్‌లో పదిహేను పదహారు. ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిలను లెక్కించే ప్రోగ్రాముల్లో పెద్ద సంఖ్యల మధ్య అతి చిన్న తేడాలు తీయాలి. ఏడు అంకెలతో ఆ పని కాదు. అయితే ఏడా తరం గ్రాఫిక్స్ చిప్‌లు డబుల్ ప్రెసిషన్ లెక్కలను సింగిల్‌తో పోలిస్తే 64వ వంతు వేగంతోనే చేస్తాయి. ల్యాప్‌టాప్ 4090 సింగిల్ ప్రెసిషన్‌లో సెకనుకు 33 లక్షల కోట్ల లెక్కలు చేస్తుందనుకుంటే, డబుల్‌లో మిగిలేది అర లక్ష కోటి. అంటే 0.5 టెరాఫ్లాప్. అదే ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసర్ ఎనిమిది పెద్ద కోర్లు 4 గిగాహెర్ట్జ్‌లో సిద్ధాంతపరంగా చేయగలిగేది కూడా ఇంచుమించు అంతే! లక్షకు పైగా అదనంగా పోసి తెచ్చుకున్న గ్రాఫిక్స్ చిప్, అలాంటి లెక్కల్లో పక్కనున్న ప్రాసెసర్‌ను మించదు. డేటా సెంటర్ల కోసం 2020లో వచ్చిన ఎన్విడియా ఏ100 డబుల్ ప్రెసిషన్‌లో 9.7 టెరాఫ్లాప్‌లు ఇస్తుంది.

మెషిన్ లెర్నింగ్ చేసేవారి సంగతి వేరు. వారికి తక్కువ ఖచ్చితత్వమే చాలు, గ్రాఫిక్స్ చిప్ అక్కడ చెల్లిన ప్రతి రూపాయికీ పని చేస్తుంది. వారి అడ్డంకి మెమరీ. 700 కోట్ల పరామితులున్న భాషా నమూనాను 16 బిట్లలో ఉంచితే దానికే 14 జీబీ పోతుంది. 16 జీబీలో మిగిలేదానితో దాన్ని నడపడం కష్టం మీద సాధ్యమే గానీ శిక్షణ ఇవ్వడం కుదరదు. ప్రోటీన్ల కదలికలను లెక్కించే గ్రోమాక్స్ వంటి ప్రోగ్రాములు ఈ రెండు వర్గాల మధ్య ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం సింగిల్ ప్రెసిషన్‌తో గడిచిపోతుంది. దుకాణానికి వెళ్లే ముందు గైడ్‌ను అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ పనికి ఎన్ని అంకెల ఖచ్చితత్వం కావాలి?

తప్పులను సరిచేసుకునే మెమరీ, అంటే ఈసీసీ, వర్క్‌స్టేషన్లకే పరిమితమైన మరో సదుపాయం. 2003 మేలో బెల్జియంలోని షార్బీక్‌లో ఎలక్ట్రానిక్ ఓటింగ్ లెక్కల్లో ఒక అభ్యర్థికి 4,096 ఓట్లు అదనంగా పడ్డాయి. 4,096 అంటే రెండుకు పన్నెండో ఘాతం. మెమరీలో ఒకే ఒక్క బిట్ సున్నా నుంచి ఒకటికి మారితే సరిగ్గా అంతే తేడా వస్తుంది. కాస్మిక్ కిరణం తగిలి ఉంటుందని అనుమానించారు, నిరూపించడం మాత్రం సాధ్యం కాలేదు. అదే ఏడాది వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయం 1,100 పవర్ మ్యాక్ జీ5 డెస్క్‌టాప్‌లను కలిపి సూపర్‌కంప్యూటర్ కట్టింది. ప్రపంచంలో మూడో స్థానం వచ్చింది. వాటిలో ఈసీసీ లేదు. మరుసటి ఏడాదే మొత్తం యంత్రాలను ఈసీసీ ఉన్న ఎక్స్‌సర్వ్‌లతో మార్చేశారు. ఒక్క ల్యాప్‌టాప్‌కు ఆ ముప్పు చాలా తక్కువ. కానీ వారాల తరబడి నడిచే లెక్కలు చేసేవారికి ఇది పట్టించుకోవాల్సిన విషయమే. ‘వర్క్‌స్టేషన్’ అనే పేరున్నంత మాత్రాన ఈసీసీ ఉన్నట్టు కాదు. ప్రాసెసర్, మదర్‌బోర్డు రెండూ దాన్ని అనుమతించాలి. డీడీఆర్5 చిప్‌ల లోపల ఉండే సవరణ ఏర్పాటు దీనికి ప్రత్యామ్నాయం కాదు.

యంత్రం ఇంటికొచ్చాక మొదట చూడాల్సింది గోడ మీది సాకెట్. ఈ ల్యాప్‌టాప్‌ల అడాప్టర్లకు మూడు పిన్నుల ప్లగ్ ఉంటుంది. పాత అద్దె గదుల్లో మూడో రంధ్రం ఉన్నా దాని వెనక ఎర్త్ తీగ ఉండకపోవచ్చు. రెండు పిన్నుల మల్టీప్లగ్‌తో సర్దుకుపోయేవారూ ఉన్నారు. ఎర్త్ లేకపోతే అడాప్టర్‌లోని చిన్న కెపాసిటర్ల ద్వారా లోహపు మూత మీదికి లీకేజీ వోల్టేజి చేరుతుంది. చేత్తో నిమిరితే జివ్వుమంటుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి సాధారణంగా ప్రమాదం లేదు. కానీ ఆసిలోస్కోపుకో, సున్నితమైన సెన్సర్‌కో ఆ ల్యాప్‌టాప్‌ను తగిలిస్తే కొలతల్లో 50 హెర్ట్జ్ రొద చేరుతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించడానికి అయ్యే ఖర్చు ల్యాప్‌టాప్ ధరలో లెక్కకు రాదు.

తర్వాత దుమ్ము. 2024 నవంబరులో ఢిల్లీ వాయు నాణ్యత సూచీ 490 దాటిన రోజు కూడా ఉంది. అయితే ఊపిరితిత్తులను పాడుచేసే పీఎం 2.5 కణాలు హీట్ సింక్ రెక్కలను మూసేసేంత పెద్దవి కావు. ఆ పని చేసేది వెంట్రుకలు, దుప్పటి నూగు, వాటికి పట్టుకునే ముతక దుమ్ము. వేసవి ఆంధీల తర్వాత ఒకసారి, చలికాలం చివర ఒకసారి అడుగు మూత తీసి శుభ్రం చేస్తే చాలు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకోవాలి. రెండు మూడేళ్లకు థర్మల్ పేస్ట్ మార్పించాలి. ఎయిర్ కూలర్ పక్కన ల్యాప్‌టాప్ పెట్టవచ్చా అని చాలామందికి సందేహం. మే నెల పొడి గాలిలో కూలర్ గదిని పదేసి డిగ్రీల వరకూ దించగలదు, అది యంత్రానికి మంచిదే. చిప్ ఎప్పుడూ గాలి కంటే వేడిగా ఉంటుంది కాబట్టి దాని మీద తేమ చెమర్చదు. కూలర్ నుంచి ఎగిరిపడే నీటి తుంపర్లు తగలకుండా చూసుకుంటే సరిపోతుంది.

కరెంటు పోయినప్పుడు బ్యాటరీ ఉందిలే అనుకోవడం సగమే నిజం. విమానాల్లో అనుమతి లేకుండా తీసుకెళ్లగల బ్యాటరీ పరిమితి 100 వాట్-అవర్లు. అందుకే పెద్ద ల్యాప్‌టాప్‌ల బ్యాటరీలు కూడా దానికి కొంచెం లోపే ఆగుతాయి. 150 వాట్లు తినే లెక్కకు అది నలభై నిమిషాలు. ఆ లోపే యంత్రం తన వేగాన్ని దించేసుకుంటుంది. మధ్యమధ్య ఫలితాలను డిస్క్‌లో దాచుకునేలా ప్రోగ్రామ్ రాసుకోవడమే అసలు రక్షణ.

సాఫ్ట్‌వేర్ వైపు ఎక్కువమంది పక్కనే లినక్స్ వేసుకుంటారు. బయాస్‌లో సెక్యూర్ బూట్ మార్చే ముందు విండోస్ బిట్‌లాకర్ రికవరీ కీని కాగితం మీద రాసుకోకపోతే సొంత ఫైళ్లకే దూరం కావచ్చు. ఇంకో చిన్న పరీక్ష అందరూ చేయాలి. ఇంటెల్ 12వ తరం నుంచి పెద్ద కోర్లు, చిన్న కోర్లు కలిపి ఇస్తోంది. ఐ9-13980హెచ్‌ఎక్స్‌లోని 24 కోర్లలో ఎనిమిదే పెద్దవి. పనిని 24 సమాన ముక్కలుగా పంచితే పెద్ద కోర్లు తమ వాటా ముగించి, చిన్నవి ఎప్పుడు పూర్తి చేస్తాయా అని ఎదురుచూస్తూ కూర్చుంటాయి. 8తో, 16తో, 24తో ఒకే లెక్కను నడిపి సమయం చూసుకోవాలి. ఎనిమిదే గెలిచినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇన్ని జాగ్రత్తలూ తీసుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇంత బరువైన లెక్కలు ఒక విద్యార్థి ఒళ్లోని యంత్రం మీద ఎందుకు జరగాలి? 2024 సెప్టెంబరు 26న ప్రధాని జాతికి అంకితం చేసిన మూడు పరమ్ రుద్ర సూపర్‌కంప్యూటర్లలో ఒకటి ఢిల్లీలోనే, జేఎన్‌యూ పక్కన ఉన్న ఇంటర్ యూనివర్సిటీ యాక్సిలరేటర్ సెంటర్‌లో ఉంది. దాని సామర్థ్యం 3 పెటాఫ్లాప్‌లు. పైన చెప్పిన 0.5 టెరాఫ్లాప్‌తో పోలిస్తే గరిష్ఠ వేగం ఆరు వేల రెట్లు. మిగతా రెండూ పుణే, కోల్‌కతాల్లో ఉన్నాయి. జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ 2015లో మొదలయ్యింది. దాని కిందే ఐఐటీ హైదరాబాద్‌లో పరమ్ సేవ వచ్చింది. ఐఐటీ ఢిల్లీకి తన సొంత క్లస్టర్ ఉంది. వీటిలో ఒక చిన్న వాటా దొరికినా, లక్షలు పోసిన ల్యాప్‌టాప్ చేయలేని పని చేస్తుంది. విద్యార్థికి కావాల్సింది 60,000 రూపాయల మామూలు ల్యాప్‌టాప్, మంచి కీబోర్డు, నెట్.

అయినా విద్యార్థులు సొంత యంత్రాలే కొంటున్నారంటే దానికి కారణాలు లేకపోలేదు. పెద్ద క్లస్టర్లలో క్యూ ఉంటుంది. ఖాతా కోసం ప్రతిపాదన రాయాలి, గైడ్ సంతకం కావాలి, కొన్నిచోట్ల రుసుము కట్టాలి. కమాండ్ లైన్, జాబ్ షెడ్యూలర్ నేర్పేవారు విభాగంలో ఒక్కరూ ఉండకపోవచ్చు. రాత్రి పదకొండు తర్వాత ల్యాబ్‌లో ఉండలేని అమ్మాయిలకు, తన గదిలో తనదైన యంత్రం ఉండటం సౌకర్యం మాత్రమే కాదు, సమాన అవకాశం కూడా. క్యాంపస్ బయటి నుంచి లాగిన్ కానివ్వని నెట్‌వర్క్ నియమాలున్న చోట క్లస్టర్ ఎంత పెద్దదైనా ఆమెకు అందదు. అడవిలో డ్రోన్ చిత్రాలు తీసి అక్కడికక్కడే కూర్చి చూసుకునేవారికి, నెట్ లేని చోట పనిచేసే భూగర్భ శాస్త్రవేత్తలకు వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్ నిజంగానే తగిన పనిముట్టు.

మిగతావారి విషయంలో మాత్రం, విభాగం పెట్టాల్సిన ఖర్చు విద్యార్థి ఫెలోషిప్ మీద పడుతోంది. ఒక విభాగంలో ఆరుగురు విద్యార్థులు తలా మూడు లక్షలు పెడితే పద్దెనిమిది లక్షలు. ఆ సొమ్ముతో ఈసీసీ మెమరీ, డబుల్ ప్రెసిషన్ సత్తా ఉన్న ఒక సర్వర్‌ను ఏసీ గదిలో పెట్టవచ్చు. అది ఆరుగురికీ రాత్రింబవళ్లు పని చేస్తుంది, వారు వెళ్లిపోయాక వచ్చేవారికీ ఉంటుంది. సర్వర్ కొనడానికి గ్రాంటులో పద్దు దొరుకుతుంది. దాన్ని చూసుకునే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పోస్టుకు దొరకదు, దొరికినా ఏడాది కాంట్రాక్టు. చెడిపోయిన డిస్క్ మార్చేవారు లేక మూలన పడిన క్లస్టర్ కంటే తన చేతిలోని ల్యాప్‌టాప్ నయమని విద్యార్థి అనుకోవడంలో తప్పేముంది? కొత్త పెటాఫ్లాప్‌లకు రిబ్బన్ కత్తిరించే ప్రతిసారీ, విశ్వవిద్యాలయాల్లో వాటిని వాడటం నేర్పే ఉద్యోగాలు ఎన్ని మంజూరయ్యాయో కూడా ప్రకటించాలి. ప్రవేశం పొందిన మొదటి నెలలోనే ప్రతి పరిశోధక విద్యార్థికీ ఏదో ఒక జాతీయ క్లస్టర్‌లో ఖాతా, రెండు రోజుల శిక్షణ ఇవ్వడానికి కొత్త యంత్రమేదీ కొననక్కర్లేదు. అది జరిగితే నెహ్రూ ప్లేస్‌కి వెళ్లే విద్యార్థి అడిగే మోడల్ వేరేగా ఉంటుంది.